పాత లింకన్, క్యాడిలాక్ కార్లు నిజంగా అంత గట్టివా? కొనే ముందు ఒక సందేహం

గోదారోడు_ఒహాయో · 1

అందరికీ నమస్కారం. నేను కొలంబస్‌లో ఉంటాను. పదిహేనేళ్లుగా వాయిదా వేస్తున్న పని ఈ ఏడాది చేసేద్దామని కూర్చున్నాను. పాత అమెరికన్ కారు, అదీ పెద్దది, మనవాళ్లు 'పడవ కారు' అంటారే, అలాంటిది ఒకటి కొనాలి.

చిన్నప్పుడు మా ఊళ్లో రైసు మిల్లు షావుకారుగారికి అలాంటి కారు ఉండేది. ఏ కంపెనీదో అప్పుడు తెలియదు. పెళ్లిళ్ల సీజన్లో ఊరేగింపుకి అడిగి తీసుకెళ్లేవారు. మిగతా రోజుల్లో మిల్లు పక్కన రేకుల షెడ్డులో ఉండేది. ఒక్కసారి తలుపు వేసి చూస్తామని మేం పిల్లలం డ్రైవరుగారిని బతిమాలేవాళ్లం. ఆ తలుపు పడితే ఇనప్పెట్టె మూసినట్టుండేది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇప్పుడు రెండు బళ్లు నా కంట్లో పడ్డాయి. ఒకటి 1965 లింకన్ కాంటినెంటల్, నాలుగు తలుపుల సెడాన్. రెండోది 1976 క్యాడిలాక్ ఫ్లీట్‌వుడ్ బ్రోమ్. పొడవు దాదాపు 5.9 మీటర్లు! ధర క్యాడిలాక్‌కే తక్కువ, చూడ్డానికి దర్జా కూడా దానిదే ఎక్కువ.

'ఆ రోజుల్లో ఇనుముతో చేశారు, ఇప్పటివన్నీ రేకు డబ్బాలు' అని అందరూ అంటారు. నిజంగానే వాటి తయారీ అంత బాగుండేదా? లేక మమకారం కొద్దీ మనకు అలా అనిపిస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. చిన్న మొత్తం కాదు, ఇంట్లో కూడా నచ్చజెప్పాలి.

నోవై_బాడీ · 2

నమస్తే అన్నా. మిషిగన్‌లో ఇరవై ఏళ్లుగా కారు బాడీ డిజైనే నా పని. నాకు తెలిసింది చెబుతాను.

రేకు మందం ఒక సంగతి. ఆ రేకును బిగించిన మనిషి పనితనం ఇంకో సంగతి. మీకు చిన్నప్పుడు తలుపులో వినిపించింది మొదటిది. బరువైన తలుపు, లావుపాటి అద్దం, పెద్ద గడియ, చుట్టూ మెత్తటి రబ్బరు ఉంటే ఏ కారైనా ఆ చప్పుడే చేస్తుంది. తలుపు వంకరగా బిగించినా చప్పుడు మాత్రం గంభీరంగానే ఉంటుంది. అందుకే చెవిని నమ్మకండి. కంటిని, వేలిని నమ్మండి.

మీరు కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో నాలుగైదు క్వార్టర్ నాణేలు, అంటే పాతిక సెంట్ల బిళ్లలు, వేసుకెళ్లండి. మూడు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు 5 మిల్లీమీటర్లు వస్తుంది. తలుపుకీ ఫెండర్‌కీ (చక్రం పైన ఉండే రేకు) మధ్య సందులో పైన పెట్టి చూడండి, తర్వాత కింద పెట్టి చూడండి. సందు వెడల్పుగా ఉందా ఇరుగ్గా ఉందా అన్నది అంత ముఖ్యం కాదు, ఆ కాలంలో అన్నీ వెడల్పే. పై నుంచి కింద దాకా ఒకేలా ఉందా లేదా అన్నదే చూడాలి.

ఇక 1965 లింకన్ గురించి. అది 1961లో వచ్చిన డిజైన్‌కి కొనసాగింపు. దానికి ముందు 1958 నుంచి 1960 దాకా లింకన్ చేసిన కార్లు మహా పెద్దవి. విడిగా ఛాసీ లేకుండా యూనిబాడీగా కట్టారు, బాడీ ఊగిపోతోందని తర్వాత చాలాచోట్ల బలపరచాల్సి వచ్చింది. ఆ విభాగానికి నష్టాలు కూడా వచ్చాయి. ఆ దెబ్బ తిన్నాక 1961 కారు విషయంలో వాళ్లు తీసుకున్న జాగ్రత్త వేరే స్థాయిది. ప్రతి ఇంజన్‌నీ టెస్ట్ బెంచి మీద 3,500 ఆర్‌పీఎం దగ్గర మూడు గంటలు నడిపేవారు. ఆ తర్వాత విప్పి లోపల చూసి, మళ్లీ బిగించి కారులో పెట్టేవారు. తయారైన ప్రతి కారునీ 12 మైళ్లు రోడ్డు మీద నడిపి, సుమారు 200 అంశాలు చూసేవారు. ఆ నమ్మకంతోనే 24 నెలలు లేదా 24,000 మైళ్ల వారంటీ ఇచ్చారు. అప్పటికి అమెరికాలో ఇంకెవరూ అంత ఇవ్వలేదు.

ఆ కారు విక్సమ్ ప్లాంటులో తయారైంది. మా ఇంటికి పది నిమిషాల దారి. 2007లో మూసేశారు. అటు వెళ్లినప్పుడల్లా ఒక్క క్షణం అటువైపు చూస్తాను.

విశాఖ_ఉక్కు · 3

గోదారోడు గారూ, 'ఆ రోజుల్లో ఇనుము' అన్న మాట మీద నేనో మాట చెప్పాలి, ఉక్కు నా వృత్తి కాబట్టి.

అప్పటి బాడీ రేకు మందంగా ఉండేది, నిజమే. కానీ అది మెత్తటి ఉక్కు, మైల్డ్ స్టీలు. ఇప్పుడు కారు పైకప్పును మోసే పిల్లర్లలో వాడే హై స్ట్రెంగ్త్ ఉక్కు సగం మందంలోనే అంతకు ఎన్నో రెట్లు బరువు తట్టుకుంటుంది. చేత్తో నొక్కితే పాత బానెట్ కదలదు, కొత్త బానెట్ లోపలికి వెళ్తుంది. దాన్ని చూసి మనం పాతదే గట్టిదని తీర్మానించేస్తాం.

2009లో అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల భద్రతా సంస్థ వాళ్లు 1959 షెవ్రోలే బెల్ ఎయిర్‌నీ 2009 మాలిబూనీ గంటకు 40 మైళ్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించారు. వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. పాత కారులో డ్రైవర్ కూర్చునే చోటు నలిగిపోయింది, స్టీరింగ్ మీదికి వచ్చింది. కొత్త కారులో క్యాబిన్ నిలబడింది. బెల్ ఎయిర్ లగ్జరీ కారు కాదు, ఒప్పుకుంటాను. కానీ దాని కింద ఉన్న ఎక్స్ ఆకారపు ఛాసీ తరహాదే 1957 నుంచి 1964 దాకా క్యాడిలాక్‌ల కింద కూడా ఉండేది. పక్కనుంచి గుద్దితే ఆపడానికి తలుపు కింద ఛాసీ కడ్డీ ఉండదు.

పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్దామనుకుంటే దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. బరువు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

గోదారోడు_ఒహాయో · 4

నోవై తమ్ముడూ, క్వార్టర్ల కిటుకు భలే బాగుంది. విశాఖ గారూ, వీడియో చూశాను. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఊళ్లో నెమ్మదిగా తిప్పుకోవడానికే, హైవే మాట మరిచిపోయాను.

అయినా ఒక్క మాట. లింకన్ గురించి చెప్పిందే క్యాడిలాక్‌కీ వర్తిస్తుందా? రెండూ లగ్జరీయే కదా, రెండూ డెట్రాయిట్ దగ్గరివే కదా.

టూల్‌రూమ్_బాబాయ్ · 5

గోదారోడు గారూ, మీ ప్రశ్నకి సూటిగా జవాబిచ్చే ముందు కొంచెం వెనక్కి వెళ్తాను. ఓపిక పట్టండి.

నేను 1978లో మిషిగన్ వచ్చాను. పెద్ద కంపెనీలకు డైలు చేసిపెట్టే ఒక షాపులో పనిచేసి రిటైరయ్యాను. డై అంటే రేకును నొక్కి ఫెండర్‌గానో తలుపుగానో మార్చే అచ్చు. కొత్త డై వచ్చినప్పుడు దాని మీద పల్చగా నీలం పూస్తాం. రేకు పెట్టి నొక్కుతాం. తీసి చూస్తే నీలం ఎక్కడ అంటిందో అక్కడ ఎత్తు ఉన్నట్టు. ఆ ఎత్తును చేత్తో సాన రాయి పట్టుకుని అరగదీస్తాం. మళ్లీ నీలం, మళ్లీ నొక్కుడు, మళ్లీ రాయి. ఒక్క తలుపు డైకి ఇలా వారాలు పట్టేది. చివర్లో కంటికేమీ కనిపించదు, అరచేతికే తెలుస్తుంది. మా మేస్త్రి ఒకాయన కళ్లు మూసుకుని చెయ్యి ఆడించి, ఇక్కడ ఇంకొంచెం అనేవాడు. నేనంటున్న పనితనం ఇదీ.

ఈ పనితనాన్ని అమెరికా కార్లలోకి తెచ్చిన పెద్దమనిషి హెన్రీ లేలాండ్. తుపాకుల ఫ్యాక్టరీల్లో, కొలత పనిముట్ల కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. క్యాడిలాక్‌ను 1902లో నిలబెట్టింది ఆయనే. 1908లో మూడు క్యాడిలాక్ కార్లను ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో పూర్తిగా విప్పేశారు. భాగాలన్నీ కలిపేసి, ఏది ఏ కారుదో తెలియకుండా చేసి, మళ్లీ మూడు కార్లుగా బిగించారు. ఆకురాయి పట్టలేదు, సుత్తి కొట్టలేదు. మూడూ 500 మైళ్లు పరుగెత్తాయి. అందుకు బ్రిటన్‌లోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఇచ్చే డ్యూవర్ ట్రోఫీ ఆ ఏడాది వచ్చింది. ఆ లేలాండే తర్వాత బయటికి వచ్చి 1917లో లింకన్ పెట్టాడు. 1922లో దాన్ని ఫోర్డ్ కొనుక్కుంది. అంటే మీరు చూస్తున్న రెండు కార్లకీ మూలపురుషుడు ఒక్కడే.

ఇప్పుడు మీ ప్రశ్న. 1961లో లింకన్ చేసినవి 25 వేల కార్లు. 1973లో క్యాడిలాక్ మొదటిసారి 3 లక్షలు దాటింది. లగ్జరీ కారును ఏడాదికి 3 లక్షలు చేస్తే ఒక్కో కారు దగ్గర మనిషి నిలబడే సమయం ఎంత ఉంటుంది? లైను ఆగదు కదా. తలుపు సరిగ్గా కూర్చోకపోతే బందు దగ్గర చెక్కముక్క పెట్టి తలుపును ఒక తోపు తోసేవాళ్లు. రేకు ఆ కాస్తా వంగి సందు సర్దుకునేది. ఆ పని చేసే ఫిట్టర్లు గొప్ప నేర్పరులే, ఒక్క తోపుతో సరిచేసేవాళ్లు. కానీ తోసి సరిచేయాల్సి వచ్చిందంటేనే లేలాండ్ చెప్పిన పద్ధతి పోయినట్టు.

ఓరుగల్లు_అక్క · 6

బాబాయ్ గారూ, మీరు రాసిన నీలం రంగు సంగతి రెండుసార్లు చదువుకున్నాను. ధన్యవాదాలు.

నా అనుభవం చెబుతాను గోదారోడు గారూ, మీ రెండో కారు లాంటిదే కాబట్టి. కంపెనీ పేరు రాయను. 1970ల నాటి ఒక పెద్ద సెడాన్ మేం నాలుగేళ్ల క్రితం కొన్నాం. పైకప్పుకు ముదురు ఎరుపు వినైల్ తాపడం, అంటే తోలులా కనిపించే ప్లాస్టిక్ గుడ్డ. లోపల సోఫా లాంటి సీట్లు. ఫొటోలు చూసే మనసు పారేసుకున్నాం. అమ్మినాయన తుడిచి తళతళలాడేలా పెట్టాడు.

ఒక వాన తర్వాత వెనక సీటు మీద చెయ్యి పెడితే తడి. ఎక్కడి నుంచో అర్థం కాలేదు. మా ఆయన వెనక అద్దం కింద మూలన వినైల్ అంచును గోటితో కొంచెం లేపాడు. అది సులువుగా లేచి వచ్చేసింది. కింద రేకు లేదు. గోధుమరంగు పొడి ఉంది. వేలు పెడితే వేలు లోపలికి వెళ్లింది. వినైల్ ఒక్కటే ఆ మూలను పట్టుకుని ఉంది! పైన పటారం లోన లొటారం అని మా అమ్మమ్మ అనేది, ఆ రోజు ఆ మాట అర్థమైంది.

బంపర్‌కీ ఫెండర్‌కీ మధ్య నింపే ముక్కలు కూడా చూసుకోండి. 1973 నుంచి బంపర్లు చిన్న దెబ్బను తట్టుకోవాలని ప్రభుత్వం నియమం పెట్టింది కదా, బంపర్ లోపలికి కదలాలి కాబట్టి ఆ సందులో మెత్తటి ప్లాస్టిక్ ముక్కలు పెట్టారు. మా కారువి ముట్టుకుంటే బిస్కెట్టులా విరిగాయి. ఇప్పుడు ఫైబర్‌గ్లాస్‌వి దొరుకుతున్నాయి, వేయించుకున్నాం.

డాష్‌బోర్డు మీద చెక్క అనుకున్నది చెక్క బొమ్మ ముద్రించిన ప్లాస్టిక్ పొర. అది అంచు దగ్గర లేస్తుంటే నాకు నిజంగా బాధేసింది. అంత డబ్బు పోసి కొన్న కారులో పొర అంటించడమేమిటి?

నోవై_బాడీ · 7

అక్కా, వినైల్ గురించి ఇంకో మాట. పైకప్పు రేకు, వెనక పక్క రేకు కలిసే చోట అతుకు ఉంటుంది. వినైల్ లేని కార్లకు ఆ అతుకులో సీసం కరిగించి పోసి, ఆకురాయితో రుద్ది, చేతికి తెలియనంత నున్నగా చేసేవారు. కష్టమైన పని, సీసం ధూళి వల్ల ప్రమాదం కూడా. వినైల్ వేసే కార్లకు అంత నున్నగా చేయాల్సిన పని తప్పింది, పైన గుడ్డ కప్పుతారు కదా. కొనేవాడు వినైల్‌కి అదనంగా డబ్బిచ్చేవాడు, దాని కింద పని మాత్రం తక్కువ జరిగేది. నీళ్లు చేరితే ఎండే దారి లేదు. మీకు జరిగింది ఎంతోమందికి జరిగింది.

ఇక్కడైతే ఉప్పు తోడు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. కార్లు చేసే ఊరి కిందే కార్లను తినే ఉప్పు!

ఎల్డొరాడో_అభిమాని · 8

ఇంతసేపూ ఆగాను, ఇక ఆగలేను. అందరూ కలిసి 1970ల క్యాడిలాక్‌ను మరీ తక్కువ చేస్తున్నారు.

మీరు సందులు కొలుస్తున్నారు. నేను ఫీనిక్స్‌లో ఉంటాను. జూన్‌లో 45 డిగ్రీలు. నా 1972 క్యాడిలాక్ ఏసీ వేస్తే రెండు నిమిషాల్లో ముందు సీట్లో వణుకు పుడుతుంది. 1964లోనే టెంపరేచర్ పెట్టి వదిలేస్తే అదే చూసుకునే ఏసీ ఇచ్చింది క్యాడిలాక్. 472 క్యూబిక్ అంగుళాల ఇంజన్, అంటే 7.7 లీటర్లు. దాని మీద ఒత్తిడే ఉండదు, నిద్రపోతూ పనిచేసినట్టు ఉంటుంది. టర్బో హైడ్రామాటిక్ 400 గేర్‌బాక్సు ఎంత మొండిదంటే లారీలకు, సైనిక వాహనాలకు కూడా వాడారు. అరవై మైళ్ల వేగంలో పక్క సీట్లో మా ఆవిడతో గొంతు పెంచకుండా మాట్లాడతాను.

ఆ కారు కొన్నవాడు ఫెండర్ దగ్గర నాణేలు పెట్టి చూడలేదు. నిశ్శబ్దం కావాలన్నాడు, చల్లదనం కావాలన్నాడు, గుంతలో పడినా కాఫీ ఒలక్కూడదన్నాడు. అది ఇచ్చారు, యాభై ఏళ్లయినా ఇస్తూనే ఉంది. దీన్ని నాణ్యత అనకపోతే దేన్నంటారు?

టూల్‌రూమ్_బాబాయ్ · 9

అభిమాని గారూ, మీరన్నది సబబే, మీ మాటకు నేను అడ్డు చెప్పను. ఆ కాలపు ఇంజను, గేర్‌బాక్సు, ఏసీ కంప్రెసర్ తయారుచేసిన మనుషులకు నేను దండం పెడతాను. ఎండ పొడిగా ఉండే మీ ఊళ్లో బాడీ కూడా నిలుస్తుంది. నేను అనేది ఒక్కటే, ఒకే కారులో కొన్ని భాగాలకు అందిన శ్రద్ధ మిగతా వాటికి అందలేదు. ఇంజను దగ్గర కొలతకు కట్టుబడ్డారు, డాష్‌బోర్డు దగ్గర సర్దుకుపోయారు. 1965 క్యాడిలాక్ లోపల కూర్చుని, వెంటనే 1975 కారులో కూర్చుని చూడండి. స్విచ్చి నొక్కితే చేతికే తేడా తెలుస్తుంది.

చరిత్ర_పిచ్చి · 10

ఒకప్పటి లగ్జరీ కార్ల కంపెనీ ప్యాకార్డ్‌ను ఎవరూ తలుచుకోలేదేం? నాకు ఆ పేరంటే ప్రాణం.

రెండో ప్రపంచ యుద్ధంలో రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్లను అమెరికాలో 50 వేలకు పైగా చేసిచ్చింది ప్యాకార్డ్ కంపెనీయే. అంత చెయ్యి తిరిగినవాళ్లు. కానీ వాళ్ల బాడీలు బ్రిగ్స్ అనే కంపెనీ చేసిచ్చేది. 1953 చివర్లో బ్రిగ్స్‌ను క్రిస్లర్ కొనేసింది. ప్యాకార్డ్‌కు బాడీ చేసే దిక్కు లేకపోయింది. కానర్ అవెన్యూలోని ఇరుకు ఫ్యాక్టరీని అద్దెకు తీసుకుని, ఆదరాబాదరాగా అంతా అక్కడికి మార్చి 1955 మోడల్ మొదలెట్టారు. ఎంత మంచి కారది! స్ప్రింగుల బదులు మెలితిరిగే టార్షన్ కడ్డీల సస్పెన్షన్, వెనక బరువు పెరిగితే దానంతటదే సమంగా నిలబడేది. కానీ ఇరుకులో, తొందరలో బిగించిన కార్లు బయటికి వచ్చాయి. డీలర్ల దగ్గర ఫిర్యాదులు పేరుకున్నాయి. 1956లో డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ ఉత్పత్తి ఆగిపోయింది, 1958తో పేరే పోయింది. అదే ఇంజనీర్లు, అదే కార్మికులు. చోటూ సమయమూ లేకుండా పోయాయి, అంతే.

క్రిస్లర్ 1957 మోడల్స్‌కూ ఇలాంటి తొందరే పట్టింది. చూడ్డానికి అద్భుతం, నీళ్లు కారడం, తుప్పు, టార్షన్ కడ్డీలు విరగడం అన్నీ వాటి పేరు పాడుచేశాయి. కానీ వాళ్ల ఇంపీరియల్ వేరే జాతి. 1966 దాకా విడి ఛాసీ మీద కట్టారు. 1964 నుంచి 1966 మోడళ్లను చాలాచోట్ల డెమోలిషన్ డెర్బీల్లోకి రానివ్వరు. కార్లు ఒకదాన్నొకటి గుద్దుకునే పోటీలవి. ఇంపీరియల్ దిగితే మిగతావాటికి అవకాశమే ఉండదని.

విశాఖ_ఉక్కు · 11

చరిత్ర గారూ, డెర్బీలో నిలబడే కారు లోపల కూర్చున్న మనిషికి మంచిదని అనుకోకూడదు. కారు నలగకపోతే ఆ దెబ్బ మనిషికి చేరుతుంది. గట్టిదనం విషయంలో మాత్రం మీరు చెప్పింది నిజం.

నోవై_బాడీ · 12

సమయం గురించి మాట వచ్చింది కాబట్టి ఇది రాయాలి. నిజంగా తీరిగ్గా చేస్తే ఏమవుతుందో డెట్రాయిట్ రెండుసార్లు చేసి చూపించింది.

ఒకటి 1956, 57లో ఫోర్డ్ తెచ్చిన కాంటినెంటల్ మార్క్ టూ. ధర దాదాపు 10,000 డాలర్లు. రంగు వేయకముందే బాడీ భాగాలన్నీ ఒకసారి బిగించి సందులు సరిచూసేవారు, మళ్లీ విప్పి అప్పుడు రంగు వేసేవారు. ఆ రెండేళ్లలో చేసినవి దాదాపు 3,000 కార్లే. ఆ ధరకు అమ్మినా ప్రతి కారు మీదా కంపెనీకి నష్టమే. క్యాడిలాక్ 1957లో ఎల్డొరాడో బ్రోమ్ తెచ్చింది. ధర 13,074 డాలర్లు, స్టెయిన్‌లెస్ స్టీలు పైకప్పు, చేత్తో చేసిన బాడీ. రెండేళ్లకు కలిపి 704. దాని మీదా నష్టమే. 1959, 60 మోడళ్ల బాడీ పని ఇటలీలో పినిన్‌ఫరీనా అనే బాడీల కంపెనీకి పంపేశారు.

మిషిగన్ వస్తే హికరీ కార్నర్స్‌లోని గిల్మోర్ కార్ మ్యూజియానికి తప్పకుండా వెళ్లండి. లింకన్‌కూ క్యాడిలాక్‌కూ అక్కడ వేరువేరు భవనాలున్నాయి. మార్క్ టూ కనిపిస్తే పక్కన మోకాళ్ల మీద కూర్చుని తలుపు సందును కింది నుంచి పైకి చూడండి. నేనైతే చాలాసేపు లేవలేకపోయాను. మా వృత్తిలో ఉన్న ఎవరికైనా అది గుడి.

ఎల్డొరాడో_అభిమాని · 13

బాబాయ్ గారి మాటకు నేనూ ఒప్పుకుంటున్నాను. ఇంకోటి కూడా నేనే చెబుతాను, అభిమానిని కాబట్టి నాకే ఎక్కువ బాధ. గోదారోడు గారు పొరపాటున 1980ల వైపు చూడకూడదు. 1981లో సిలిండర్లు తమంతట తాము ఆగి మళ్లీ అందుకునే వీ8-6-4 ఇంజన్ పెట్టారు. ఆలోచన మంచిదే, అప్పటి కంప్యూటర్ ఆ పనికి చాలలేదు. 1982లో హెచ్‌టీ 4100 అనే ఇంజన్, అల్యూమినియం బ్లాకు మీద ఇనుప హెడ్లు, కూలెంట్ కారి ఎన్నో ఇంజన్లు పోయాయి. క్యాడిలాక్‌లలో కూడా పెట్టిన ఓల్డ్స్‌మొబైల్ డీజిల్ ఇంజన్ కథ ఇంకా ఘోరం, హెడ్ బోల్టులు ఆ ఒత్తిడి తట్టుకోలేదు, నీటిని వడకట్టే ఫిల్టరు కూడా ఇవ్వలేదు. అప్పటిదాకా బాడీ ఎలా ఉన్నా ఇంజనైనా ఉండేది. అదీ పోయాక 1989లో పోటీగా టయోటా వాళ్ల లగ్జరీ కారు లెక్సస్ వచ్చింది.

గోదారోడు_ఒహాయో · 14

ఆదివారం లింకన్ చూసి వచ్చాను. మీరు అడగకముందే మొత్తం రాస్తాను.

క్వార్టర్లు, ఒక చిన్న అయస్కాంతం, టార్చి పట్టుకెళ్లాను. అమ్మే ఆయన పెద్దాయన, నేను నాణేలు తీస్తుంటే ఆశ్చర్యపోయి, తర్వాత తానే టార్చి పట్టుకున్నాడు. ఎడమ ముందు తలుపు పైన మూడు నాణేలు, కింద మూడు. ఎడమ వెనక తలుపూ అంతే. కుడి ముందు తలుపూ అంతే. అరవై ఏళ్ల కారు! కుడి వెనక తలుపు దగ్గర మాత్రం పైన రెండు, కింద నాలుగు. గుండె జారింది.

వెనక తలుపుకు బందులు వెనకవైపు ఉంటాయి కదా ఈ కారులో, తలుపు తీసి అక్కడ టార్చి వేశాను. మిగతా మూడు తలుపుల బందు బోల్టుల మీద ఫ్యాక్టరీ రంగు పగలకుండా ఉంది. దీని బోల్టుల మీద స్పానర్ పట్టిన గీతలున్నాయి. అయస్కాంతం వెనక చక్రం పైన అరచేయి మేర అంటుకోలేదు, లోపల పుట్టీ. అంటే ఎప్పుడో దెబ్బ తగిలితే ఎవరో షెడ్డులో తలుపు విప్పి, సర్ది, పుట్టీ పెట్టి రంగు వేసేశారు. పెద్దాయనకు ఆ సంగతి తెలియదు, తను కొన్నప్పటికే అలా ఉందన్నాడు. ధర కొంత తగ్గిస్తానన్నాడు.

కింద పడుకుని చూశాను. తలుపుల కింద పొడవునా ఉండే రాకర్ ప్యానెళ్లు గట్టిగా ఉన్నాయి, కారు చాలా ఏళ్లు న్యూ మెక్సికోలో ఉందట. వినైల్ లేదు. వాన లేకపోయినా వైపర్లు వేయమన్నాను, అవి మోటారుతో కాక పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒత్తిడితో నడుస్తాయని పెద్దాయన చెబితే నమ్మలేకపోయాను. నీళ్లు పారినట్టు మెల్లగా, చప్పుడు లేకుండా కదిలాయి.

నోవై తమ్ముడూ, బాబాయ్ గారూ, ఆ కుడి తలుపు సరిచేయించవచ్చా? చెప్పండి, దాన్నిబట్టి బుధవారం ఫోన్ చేస్తానన్నాను.

నోవై_బాడీ · 15

చేయించవచ్చు అన్నా. ముందు ఒక పని చేయండి. తలుపు సగం తీసి కింది అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడండి. ఆడితే బందు పిన్ను అరిగింది, అది చిన్న పని. ఆడకపోతే తలుపు తప్పు స్థానంలో బిగించారని, లేదా పిల్లరే జరిగిందని. పిల్లర్ జరిగి ఉంటే యూనిబాడీ కాబట్టి బాడీని లాగి సరిచేసే ఫ్రేమ్ బెంచి మీద పెట్టాల్సిందే, అప్పుడు ధర మరోసారి మాట్లాడుకోండి.

గోదారోడు_ఒహాయో · 16

పెద్దాయనకు ఫోన్ చేసి అడిగాను. ఆయనే ఎత్తి చూసి చెప్పాడు, కొంచెం ఆడుతోందట. 'టక్' మని చప్పుడు కూడా ఫోన్లో వినిపించాడు.

టూల్‌రూమ్_బాబాయ్ · 17

అయితే పిన్నే. తీసుకోండి. పుట్టీ గీకించి ఆ అరచేయంత చోట రేకు అతికించుకోవచ్చు, తొందర లేదు. ముందు వైపర్ మోటారుకు వెళ్లే ఆయిల్ గొట్టాలు మార్పించండి, అవి పగిలితే స్టీరింగ్ ఆయిల్ కూడా పోతుంది, అంత బరువు బండిని మామూలు చేతులతో తిప్పలేరు. బందు పిన్ను బజారులో దొరక్కపోతే పాతది నాకు పంపండి, ఇంట్లో చిన్న లేత్ ఉంది, కొలత తీసి చేసిపెడతాను. ఆగస్టు మూడో శనివారం ఇక్కడ జరిగే పాత కార్ల పండగ వుడ్‌వార్డ్ డ్రీమ్ క్రూజ్‌కి కారుతో వస్తే మా ఇంట్లోనే దిగండి. నాణేలు మాత్రం మరిచిపోవద్దు, ఆ తలుపు నేనే కొలుస్తాను.